కడియం నర్సరీ రైతులకు: ఒక చీటీ, ఒక పందిరి

కడియం, కడియపులంక, పొట్టిలంక, బుర్రిలంక, వీరవరం, దుళ్ల, ఇంకా ఆ కాలవ గట్ల పొడుగునా ఉన్న నర్సరీ రైతులందరికీ,

మీరు పెంచని మొక్క లేదు. నేను రాస్తున్నది మాత్రం వాటిలో ఒక్కదాని గురించే: పింగాణీ పళ్లెంలో, మెలితిరిగిన మొదలుతో, బోన్సాయ్ అని పేరు పెట్టుకుని హైదరాబాదుకూ విశాఖకూ బెంగళూరుకూ లారీ ఎక్కే చెట్టు. అది మీ మడిలో ఉన్నన్నాళ్లూ నిక్షేపంలా ఉంటుంది. మా ఇళ్లకొచ్చాక చాలావాటికి రెండో వేసవి చూసే యోగం ఉండదు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి, వృక్షశాస్త్రం చదవలేదు. మేడమీద కొన్ని చెట్లు నిలబెట్టుకున్నానన్న పేరొకటి పడిపోవడంతో, మా కాలనీలో ఎవరి బోన్సాయ్ నీరసించినా నా గుమ్మం ముందుకొస్తుంది. కొన్ని చెప్పాపెట్టకుండా కూడా వస్తాయి. పొద్దున్నే పాలప్యాకెట్ కోసం తలుపు తీస్తే పక్కన కుండీ ఉంటుంది, పెట్టి వెళ్లింది ఎవరో తెలీదు.

వాటిని చూడగా చూడగా తేలిందేమిటంటే, వాటిలో చాలావాటిని పాడు చేసింది జబ్బు కాదు, ఇంట్లో జరిగిన వైద్యం. ఆకు పసుపెక్కగానే నీళ్లు ఎక్కువ పోశారు. ఆకులు రాలగానే ఎరువేశారు. అప్పటికీ తేరుకోకపోతే కొత్త మట్టి తెచ్చి కుండీ మార్చేశారు. ప్రేమతో చేసిన పనులే అన్నీ. ఈ మూడూ చేయొద్దని చెప్పాల్సిన సమయం ఒకటుంది. డబ్బులిచ్చి కుండీ చేతిలోకి తీసుకునే ఆ కాసేపు. అప్పుడు చెప్పగలిగేది అమ్మేవాళ్లే. నా దగ్గరికి వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. అందుకని ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

కుండీ రాగానే నేను గోరు పెట్టి కొమ్మ చివర బెరడు మీద చిన్న గీత గీస్తాను. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి, మళ్లీ కిందికి, మొదలు దాకా చూస్తాను. అంటు కట్టే చేతులకు ఈ పచ్చపొర సంగతి నేను చెప్పక్కర్లేదు. కొన్నవాళ్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆకులన్నీ రాల్చేసిన జిన్సెంగ్ ఫైకస్‌ను చచ్చిపోయిందని చెత్తడబ్బా పక్కన పెట్టేస్తారు. మొదలు దగ్గర గీకి చూస్తే పాలు కారుతుంటాయి. మర్రి, రావి, జువ్వి, మేడి ఉన్న కుటుంబంలోదేనండీ అది, అంత తేలిగ్గా పోదు. చోటు మారినా, వెలుతురు తగ్గినా అలిగి ఆకులు రాల్చేస్తుంది. మొదలు గట్టిగా ఉంటే మళ్లీ వేస్తుంది.

జునిపర్ తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. వేళ్లు చచ్చాక కూడా వారాల తరబడి ఆకుపచ్చగానే కనిపిస్తుంది. కొన్న రోజుకే అది పోయి ఉండొచ్చు. మా పక్క బ్లాకులో ఒకావిడ సంక్రాంతికి కొన్న జునిపర్‌కు శివరాత్రి దాకా శ్రద్ధగా నీళ్లు పోశారు. రంగు తేడాగా ఉందని నా దగ్గరికి తెచ్చారు. ముట్టుకుంటే రెమ్మ పుటుక్కున విరిగింది. తను ఏం తప్పు చేశానో చెప్పమన్నారావిడ. ఆవిడ చేసిందేమీ లేదు. చలికాలంలో నిజమైన చలి పడితే కొన్నాళ్లు పెరుగుదల ఆపి, వసంతంలో మళ్లీ మొదలుపెట్టే చలిదేశపు చెట్టు అది. మన మైదానాల్లో దానికి ఆ విశ్రాంతి దొరకదు, ఆపైన మే నెల మేడ ఒకటి. అమ్మినవాళ్లు ఈ ఒక్క మాట చెప్పి ఉంటే ఆవిడ ఇంకేదైనా కొనుక్కునేవారు.

పచ్చపొర కనిపిస్తే నేనడిగే ప్రశ్న, ఇన్నాళ్లూ చెట్టు ఎక్కడుందని. టీవీ పక్కన, సోఫా మూల, పూజగది గట్టు. ‘ఇండోర్ ప్లాంటు అన్నారండీ’ అంటారు. మంచి ఎండలో ఆరుబయట వెలుతురు సుమారు 1,00,000 లక్సులుంటే, దీపాలన్నీ వేసిన ఆఫీసు గదిలో 500 ఉంటే గొప్ప. మన కన్ను సర్దుకుపోతుంది కాబట్టి గది వెలుగ్గానే ఉందనిపిస్తుంది. ఆకుకి ఆ వెసులుబాటు లేదు. ఆకలికి మాడుతూ, మొదట్లో దాచుకున్నది తింటూ నెలల తరబడి బతుకుతుంది. అందుకే చెట్టు కొన్నవెంటనే చావదు, కొన్నవాళ్లకు కారణమూ అర్థం కాదు. బోన్సాయ్ ఇంట్లో ఉంటే ఎదుగుదల ఆగిపోతుందని వాస్తు చెప్పేవాళ్లు అంటుంటారు. కారణం ఎలా ఉన్నా, ఇంట్లో వద్దన్న ముక్క దగ్గర మాత్రం నాకు వాళ్లతో పేచీ లేదు. బాల్కనీ అయినా, మేడ అయినా, పొద్దుటి ఎండ కొన్ని గంటలు తగిలే చోటు కావాలి. అయితే చీకట్లో మగ్గిన చెట్టును తీసుకెళ్లి ఒక్కసారిగా ఎర్రటి ఎండలో పెడితే ఉన్న నాలుగాకులూ మాడిపోతాయి. ముందు గ్రీన్ నెట్ కింద, తర్వాత పొద్దుటి ఎండలో, రెండు మూడు వారాల్లో నెమ్మదిగా అలవాటు చేయాలి.

ఇక నీళ్లు. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. ‘ఏం పర్లేదండి బాబూ, రోజూ ఓ గ్లాసుడు నీళ్లు పోస్తే చాలండి’ అన్న మాట నేను చాలా చోట్ల విన్నాను. చెప్పినవాళ్లది అబద్ధమని అనను. వాళ్ల దగ్గర అది నిజమే. ఆరుబయట, ఎండా గాలీ తగిలే చోట, పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి చెట్టు తాగేస్తుంది. అదే కుండీ మా హాల్లో వారమైనా ఆరదు. మే నెలలో మేడ మీద అయితే అదే గ్లాసుడు మధ్యాహ్నం దాకా కూడా చాలదు, రెండు పూటలా పోయాల్సిందే. రోజుకింత అని లెక్క పెట్టుకుంటే రెండు చోట్లా చెట్టే నష్టపోతుంది. నేను చెప్పే పద్ధతి అగరుబత్తి పుల్ల. మట్టిలోకి అంగుళం లోతు గుచ్చి, కాసేపుంచి తీసి చూడాలి. తడి అంటితే ఆగాలి. దాదాపు పొడిగా వస్తే, అడుగు చిల్లుల్లోంచి కారేదాకా నిండుగా పోయాలి. గ్లాసు లెక్క వద్దు.

మట్టి గురించి మీకు చెప్పడం సాహసమే. మీ కింద ఉన్నది గోదావరి ఒండ్రు. నేలలో వేస్తే ఏదైనా విరగకాసే మట్టి. రెండంగుళాల పళ్లెంలో పోస్తే మాత్రం ఆ సన్నటి మట్టే వేరుకు ఊపిరాడనివ్వదు. ఇందులో చాలామందికి తలకిందులుగా అర్థమయ్యే సంగతి ఒకటుంది. లోతు తక్కువ కుండీ కాబట్టి నీరు త్వరగా దిగిపోతుందనుకుంటాం. నీళ్లు పోశాక చిల్లుల్లోంచి కారడం ఆగిపోయినా, అడుగు నుంచి కొంత ఎత్తు దాకా మట్టి నీటితో నిండిపోయే ఉంటుంది. ఆ ఎత్తు ఎంతన్నది మట్టి రేణువుల పరిమాణం మీద ఆధారపడుతుంది, కుండీ లోతుతో దానికి సంబంధం లేదు. అడుగున్నర కుండీలో అది కింద ఎక్కడో ఉండే చిన్న భాగం. రెండంగుళాల పళ్లెంలో దాదాపు మొత్తం మట్టి అదే. అంట్లు తోమే స్పాంజిని తడిపి అడ్డంగా పట్టుకోండి. కారడం ఆగాక నిలువుగా తిప్పండి, మళ్లీ కారుతుంది. బోన్సాయ్ కుండీ ఆ అడ్డంగా పట్టుకున్న స్పాంజి. దానిలోంచి నీరు దిగాలంటే మట్టిని గరుకు చేయడం తప్ప దారి లేదు.

జపాన్‌లో దీనికోసం అకడామ అని గట్టిపడ్డ మట్టి గుళికలు వాడతారు. మనకు ఆ ఖర్చు అక్కర్లేదు. ఇటుక ముక్కలు కొట్టి, జల్లెడ పట్టి, కందిగింజకూ శనగగింజకూ మధ్య ఉన్నవే ఉంచుకుని, దుమ్మంతా పారేయాలి. వాటికి ముతక ఇసుక, కాస్త మాగిన పశువుల ఎరువో వర్మీ కంపోస్టో కలిపితే వేళ్లకు గాలీ తేమా రెండూ అందుతాయి. దుమ్ము పారేయడంలోనే ఉంది కిటుకంతా. చాలామంది బద్ధకించేదీ అక్కడే. ఇటుకపొడితో సహా కలిపేస్తే కొన్నాళ్లకు అడుగున సిమెంటులా గట్టిపడి కూర్చుంటుంది.

ఇంకో వింత: పైన రంగురాళ్లు జిగురుతో అతికించిన కుండీలు. నీళ్లు పోస్తే ఆ పెంకు మీదుగా జారి అంచుల వెంబడి కిందికి పోతాయి, లోపల చెట్టు ఎండుతుంటుంది. కొన్నిటికి అడుగున చిల్లే ఉండదు, లోపల చెట్టు మునుగుతుంటుంది. ఈ అతికించే పని మీరు చేస్తున్నారనడం లేదు. మీ మడి నుంచి మా గుమ్మం దాకా ఎన్ని చేతులు మారుతుందో మీకే తెలియాలి. నాకు మాత్రం వైద్యం చాలాసార్లు స్క్రూడ్రైవరుతో మొదలవుతుంది.

పెంకు ఊడదీశాక చెట్టును లేపి వేళ్లు చూస్తాను, వాసన చూస్తాను. వేళ్లు తెల్లగానో లేత గోధుమరంగులోనో గట్టిగా ఉంటే ఆ ముద్దను కదపకుండా అలాగే దించేస్తాను. వెలుతురు సరిచేసి ఊరుకుంటాను. కుండీ మార్చిన ప్రతిసారీ సన్నవేళ్లు తెగుతాయి, వాటిని తిరిగి పెంచుకునే శక్తి నీరసించిన చెట్టుకు ఉండదు. వేళ్లు నల్లగా, మెత్తగా ఉండి, పట్టుకుంటే పైతోలు జారిపోయి లోపలి దారం మిగులుతుంటే అప్పుడిక తప్పదు. కుళ్లినంత మేరా పదునైన కత్తెరతో తీసేసి, ఆ ఇటుకముక్కల మిశ్రమంలో, లోతున్న మామూలు మట్టికుండీలో పెడతాను. పింగాణీ పళ్లెం దాని సొంతదారుకు వాపసు. చెట్టు అందం సంగతి ఇంకో ఏడాది దాకా తలపెట్టొద్దని కూడా అప్పుడే చెప్పేస్తాను, కొందరి ముఖాలు చిన్నబోతాయి. చెట్టును కుండీకి సుతిలితాడుతో కదలకుండా కట్టడం మరిచిపోకూడదు. గాలికి ఊగితే అప్పుడప్పుడే పుట్టే వేరు పుట్టిన చోటే తెగిపోతుంది.

ఆకులన్నీ పోయిన ఫైకస్ అయితే పైన తెల్లటి పాలిథిన్ సంచి తొడిగి, ఎండ నేరుగా తగలని వెలుతురులో ఉంచుతాను. లోపల తేమ నిలిస్తే వేళ్లు తక్కువైనా కొమ్మలు ఎండిపోవు. రోజూ ఓసారి సంచి తీసి గాలి ఆడనివ్వాలి, లేకపోతే బూజు పడుతుంది. ఎండలో పెడితే లోపల ఉడికిపోతుంది. ఎరువు మాత్రం చిగురు వచ్చి, ఆ చిగురు ముదిరేదాకా చిటికెడు కూడా వేయను. పీల్చుకునే వేళ్లే లేనప్పుడు ఆ లవణాలు మట్టిలో పేరుకుని, మిగిలిన నాలుగు వేళ్లనూ కాలుస్తాయి. ఈ ఎరువు మాట దగ్గరే జనంతో నాకు ఎక్కువ వాదన. ‘పాపం బలం లేదు కదండీ’ అంటారు. ఆకుల్లో తయారయ్యేదే దాని తిండి, ఎరువు తిండి కాదు అని ఎంత చెప్పినా, వెనక్కి తిరగ్గానే గుప్పెడు యూరియా పడుతుంది.

ఆ తర్వాత ఎదురుచూడటమే. వేసవి చివరనో, తొలకరి రోజుల్లోనో అయితే నెల, నెలన్నరలో మొదట్లోనో పాత కణుపుల దగ్గరో ఎర్రటి మొన కనిపిస్తుంది. చలికాలంలో ఇంకా ఆలస్యం. మీ చేతుల మీదుగా వెళ్లిన అంటుమొక్కల్లో ఇక్కడో చిక్కుంది. జిన్సెంగ్ ఫైకస్‌కు కింద ఉబ్బిన వేళ్ల మొక్క ఒకటి, పైన చిన్నాకుల కొమ్మలు అంటుకట్టినవి. ఎండిపోయిన తర్వాత చిగురు సాధారణంగా అంటు కిందినుంచే వస్తుంది, ఆకు పెద్దగా ఉంటుంది. ‘ఇది మా చెట్టు కాదండీ, వేరే మొక్క మొలిచింది’ అని పీకేసినవాళ్లున్నారు! ఆ చిగుళ్లను పెరగనివ్వాలి, ఎటు పోతే అటు పోనివ్వాలి. అవి సాగినకొద్దీ కింద వేళ్లు పడతాయి. కత్తెర పట్టుకోవడం మరుసటి ఏడాది సంగతి.

జేడ్ మొక్క లెక్క వేరు. ఆకు ముడతలు పడితే దాహం, పసుపెక్కి మెత్తబడి రాలితే నీళ్లెక్కువ. దానికి పాలిథిన్ సంచి తొడిగితే చంపినట్టే. కుళ్లిన భాగం కోసేసి, మిగిలిన కొమ్మను కొన్ని రోజులు నీడలో ఆరబెట్టి ఇసుకలో గుచ్చితే చాలు, అది బతకడానికి వంక వెతుక్కుంటూ ఉంటుంది. తీగ చుట్టిన చెట్టు వస్తే నేను విప్పను, వైరు కట్టర్‌తో ముక్కలుగా కత్తిరిస్తాను. బెరడులోకి దిగిన తీగను విప్పబోతే కొమ్మే విరుగుతుంది. కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొర ఉంటే అది మా బోరు నీళ్ల ఉప్పు, ఆకు అంచులు మాడేదీ దానివల్లే. వానలో నాలుగు రోజులు నిలబెడితే చాలావరకు కడుక్కుపోతుంది. మాఘ, ఫాల్గుణాల్లో రావి బోన్సాయ్ ఆకులు రాల్చిందని ఏడుపుముఖంతో తెస్తారు కొందరు. వీధి చివరి గుడి దగ్గరున్న రావిని ఓసారి చూసి రమ్మని పంపిస్తాను.

పాడైన చెట్టును బాగుచేయడం ఇంత ఓపిక పని కాబట్టే, బోన్సాయ్ పుట్టిపెరిగిన చోట దీన్ని ఇంటి యజమాని ఒక్కడి మీద వదిలేయలేదు. కుండీలో చిన్న చెట్లు పెంచడం మొదట చైనాది. క్రీ.శ. 706 నాటి తాంగ్ రాకుమారుడి సమాధి గోడమీద పళ్లెంలో చిన్న చెట్టు మోసుకెళ్తున్న పరిచారకుల బొమ్మ ఉంది. జపాన్ దాన్ని తన కళ చేసుకుంది. 1923లో టోక్యోలో పెద్ద భూకంపం వచ్చాక అక్కడి బోన్సాయ్ తోటమాలులు కొందరు మంచి మట్టి, నీళ్లు, గాలి వెతుక్కుంటూ ఓమియాకు వెళ్లి, 1925లో ఊరే కట్టుకున్నారు. అక్కడ ఇల్లు కట్టుకునేవాళ్లకు తొలినాళ్లలో షరతులుండేవి: ఇంట్లో కనీసం 10 బోన్సాయ్‌లుండాలి, గేటు తెరిచే ఉంచాలి, ప్రహరీకి బదులు కంచెమొక్కలుండాలి, రెండంతస్తులు కట్టకూడదు. ఊరంతా నర్సరీ అయిన ఊళ్లు మీవీ ఉన్నాయి కాబట్టి ఇది ప్రత్యేకంగా మీకు చెబుతున్నాను. జపాన్‌లో ఆ వృత్తిలో ఉన్నవాళ్లు చెట్టు అమ్మి ఊరుకోరు. కొన్నవారి చెట్లను తమ తోటలో ఉంచుకుని సాకడం, ఏటా కుండీ మార్పులు, కత్తిరింపులు చూడటం కూడా వాళ్ల వ్యాపారంలో భాగం.

అలా చేతులు మారుతూ బతికితే చెట్టు ఎంతకాలం ఉంటుందో వాషింగ్టన్‌లో చూడొచ్చు. అక్కడి జాతీయ వృక్షవాటికలో 1625 నుంచి కుండీలోనే పెరుగుతున్న తెల్ల పైన్ ఒకటుంది. హిరోషిమాకు చెందిన యమకి కుటుంబం తరతరాలుగా పెంచింది. 1945 ఆగస్టు 6న బాంబు పడినప్పుడు అది అక్కడికి కొద్ది మైళ్ల దూరంలో, వాళ్ల నర్సరీ గోడ చాటున ఉండి బతికింది. 1976లో అమెరికాకు కానుకగా ఇచ్చేటప్పుడు ఈ సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు. 2001లో ఆ ఇంటి మనవలు చూడటానికి వచ్చినప్పుడే అక్కడివాళ్లకు తెలిసింది. బాంబు వేసిన దేశంలో ఇప్పుడు దానికి నీళ్లు పోస్తున్నారు.

2019లో టోక్యోకు ఉత్తరాన సైతామాలో ఒక తోటలో దొంగలు పడి కొన్ని బోన్సాయ్‌లు ఎత్తుకుపోయారు. వాటిలో 400 ఏళ్ల జునిపర్ ఉంది. ఆ ఇంటి ఇల్లాలు దొంగలనుద్దేశించి లోకానికి ఒక విన్నపం చేసింది: ఎక్కడున్నా సరే, వాటికి నీళ్లు పోయండి, ఆ జునిపర్ నీళ్లు లేకుండా వారం కూడా ఉండలేదు అని. చెట్టు పోయినందుకు తిట్టలేదావిడ, సాకే పద్ధతి చెప్పింది. దొంగకే అంత వివరంగా చెప్పినప్పుడు, డబ్బులిచ్చి కొనుక్కునేవాళ్లకు మనం ఎంత చెప్పాలండీ?

కాబట్టి నేనడిగేది ఒకటి, ప్రతి కుండీకీ చిన్న చీటీ. తెలుగులో, చేతిరాతతో అయినా పర్వాలేదు. చెట్టు పేరు ముందుండాలి. ‘బోన్సాయ్’ అన్నది పేరు కాదు. రావో, మర్రో, జువ్వో, చింతో, జేడో రాయండి, ఎందుకంటే మందు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. ఆరుబయట పెట్టాలని రాయండి. పుల్ల గుచ్చి చూసి నీళ్లు పోయాలని, ఆకులు రాలితే ఎరువేయొద్దని రాయండి. చివరిసారి ఎప్పుడు కుండీ మార్చారో నెల, సంవత్సరం వేయండి. కొన్నవాళ్లకు అది లేకపోతే మళ్లీ ఎప్పుడు మార్చాలో తెలిసే మార్గమే లేదు. వయసు రాసేటప్పుడు మాత్రం ఉన్నదే రాయండి. మూడేళ్ల మొక్కను పదిహేనేళ్లదని చెప్పడం వల్ల ధర పెరుగుతుందేమో గానీ, కొన్నవాడు దానికి తగ్గ మొండితనం ఉందనుకుని నిర్లక్ష్యం చేస్తాడు.

చలిదేశపు రకాలు మైదానాల మార్కెట్‌కు పంపడం తగ్గిస్తే ఇంకా మేలు. మన దగ్గర సరుకు లేకనా? చింత పొట్టిగా, ముడుతల బెరడుతో ఎంత అందంగా ముదురుతుందో మీకు తెలుసు. సీమచింత, కాగితప్పూలు, మేడి, నేరేడు ఉన్నాయి. అన్నిటికీ మించి గోడ మీద మొలిచే రావి, జువ్వి. కాకి వేసిన గింజ పాత మేడ పిట్టగోడ పగుల్లో మొలిచి, గుప్పెడు సున్నం తప్ప మట్టే లేకుండా ఏళ్ల తరబడి ఎండలో నిలబడుతుంది. దాని మొదలు అప్పటికే లావై, వేళ్లు గోడను కరిచిపట్టి ఉంటాయి. మున్సిపాలిటీవాళ్లు యాసిడ్ పోసి చంపే ఆ మొక్కకన్నా మొండి బోన్సాయ్ ఏ దేశం నుంచి తేగలం? తొలకరికి ముందు జాగ్రత్తగా ఊడదీసి, మీ చేతుల్లో రెండేళ్లు పెరిగితే, మా బాల్కనీల్లో దాన్ని చంపడానికి మేమే కష్టపడాలి.

రెండోది పందిరి. మీ నర్సరీలో ఒక మూల, గ్రీన్ నెట్ కింద, పాడైన బోన్సాయ్‌లను తీసుకుని కొన్ని నెలలు సాకి, తేరుకున్నాక తిరిగిచ్చే చోటు. ఊరికే కాదు, నెలకింత అని అద్దె పెట్టండి. మా మేడల కన్నా మీ ఆరుబయటి గాలి, నీళ్లు, రోజూ చూసే అనుభవమున్న చేయి వాటికి బాగా పనిచేస్తాయి. కారు పట్టుకుని రాజమండ్రి మీదుగా వెళ్లేవాళ్లు డిక్కీలో వేసుకొచ్చి దించిపోతారు. హైదరాబాదులో మీ సరుకు దింపుకునే అమ్మకందార్లలో ఎవరైనా ఒకరు ఇలాంటి మూల పెట్టుకున్నా చాలు, వాళ్లకు నేర్పే బాధ్యత మీరు తీసుకోండి.

ఇదంతా చెబితే ఒకాయన నవ్వి అన్నాడు: ‘చచ్చిపోతేనే కదండీ మళ్లీ కొంటారు!’ ఆయన ఎవరో, ఎక్కడివాడో చెప్పను, మంచి మనిషే. లెక్క మాత్రం తప్పు. నా గుమ్మం ముందు కుండీ వదిలి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది రెండోది కొనలేదు. తమ చేతికి మొక్కలు అచ్చిరావని నిర్ణయించుకున్నారు. కొందరి టీవీ పక్కన ఇప్పుడు ప్లాస్టిక్ బోన్సాయ్ ఉంది, ఆకులు దుమ్ము పట్టి. మీకు పోటీ పక్క ఊరి నర్సరీ అనుకుంటున్నారేమో, అదండీ అసలు పోటీ. చెట్టు బతికించుకున్నవాళ్లు మాత్రం ఒక్కదానితో ఆగరు. ఆ జునిపర్ పోగొట్టుకున్నావిడకు నేనొక చింత ఇచ్చాను. ఇప్పుడు ఆవిడ బాల్కనీలో బట్టలారేసుకోవడానికి చోటు లేదని వాళ్లాయన గొడవ.

ఈసారి తొలకరి పడ్డాక అటు వస్తున్నాను. మా అమ్మగారి ఊరు మండపేట, మీకు దగ్గరే. వచ్చేటప్పుడు ఒక జువ్వి తెస్తాను. వేళ్లు సగం పోయాయి, మొదలులో పాలున్నాయి, కింద రెండు మొనలు కనిపిస్తున్నాయి. మూడు నెలలు మీలో ఎవరి పందిట్లోనైనా ఉంచుకుంటారా? అద్దె ఎంతో ముందే చెప్పండి, బేరమాడను.

ఇట్లు,
హైదరాబాదు నుంచి మీ పాత ఖాతాదారు